బర్రెలు పడుకోవాలి, బంతి కనపడాలి

“మా బర్రెలు ఎక్కడియి అక్కడ్నే నిలవడ్డయి సారూ. ఇంక పొద్దు గూకలేదనుకుంటున్నయి. ఒక్కటి గూడ పండుకుంటలేదు. గీ లైట్లు తియ్యున్రి” అన్నాడు పటేల్.

“తియ్యడమేంటండీ? పొద్దున కొబ్బరికాయ కొట్టింది ఎవరు? మీ చేత్తోనే కదా కొట్టించాం” అన్నారు సెక్రటరీ గారు.

“కొట్టిన. కొబ్బరికాయ కొట్టుమంటే కొట్టిన. బర్రెల కండ్లల్ల లైటు కొట్టుమన్ననా?”

“మా డాబా మీదికి ఒచ్చి చూడున్రి సారూ” అన్నాను నేను. “సూది పడ్డా దొరుకుతది. గీ ఎండకాలంల మొఖం మీద చెద్దరు కప్పుకొని ఉడుకుమంటరా మమ్మల్ని?”

“చెల్లెమ్మా, ఇటు వద్దని మీరు, అటు వద్దని ఆయన. మరి లైట్లు ఎక్కడ కట్టాలి? చందమామకి కట్టమంటారా?”

“ఏడనన్న కట్టుకోన్రి. మా కొట్టం దిక్కు మాత్రం ఒద్దు” అన్నాడు పటేల్.

“అయితే వినండి. రేపు పొద్దున్నే మేస్త్రీ వస్తాడు. గుంతలు ఎక్కడ తవ్వాలో ఈ సాయంత్రమే తేలాలి. తేలకపోతే ఆ రెండు ఇనప పైపులూ కాలనీ మొదట్లో వీధిదీపాలకి పాతించేస్తా. ఇక్కడ మొక్కలు పెట్టుకుందాం. ఆటలూ వద్దు, మాటలూ వద్దు.”

ఆ మాట వినగానే మా కోడలు చేతిలోని బ్యాటు కిందికి దించింది. నా చంకలో ఉన్న ఆమె బిడ్డ మాత్రం రెండు చేతులూ చాచి ఆ లైటును పట్టుకోవాలని చూస్తోంది. అక్కడ సంతోషంగా ఉన్న మనిషి అదొక్కతే.

పటేల్ మాకు ఎదురింటి ఆయన. మధ్యలో పార్కు, దానికి ఆ పక్క ఆయన, ఈ పక్క మేము. మా కాలనీ మొత్తం ఒకప్పుడు ఆయన కుటుంబం జొన్నలూ ఆముదాలూ వేసిన భూమి. ఎల్బీనగర్ చుట్టూ కాలనీలు లేస్తున్న రోజుల్లో ఆయన కూడా ప్లాట్లు చేసి అమ్మేశాడు. ఇల్లూ, కొట్టమూ, బర్రెలూ మాత్రం అమ్మలేదు. కాలనీలో సగం ఇళ్లకు పాలు అక్కడినుంచే వచ్చేవి. సెక్రటరీ గారు గోదావరి వైపు మనిషి. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరై, ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. కాలనీ సంఘం పని ఎవరూ ముట్టుకోకపోతే ఆయన నెత్తిన వేసుకున్నారు. మేము పోచంపల్లి దగ్గర ఒక నేత పల్లె నుంచి వచ్చినవాళ్లం. మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న చీరల కొట్టు ఉండేది.

పార్కు అని నేను రాస్తున్నాను కాని, లేఅవుట్ కాగితం మీద ఆకుపచ్చ రంగు వేసినందుకు అది పార్కు. నేల మీద చూస్తే సర్కారు తుమ్మ, గుండ్లు, ఇళ్లు కట్టుకున్నవాళ్లు తెచ్చి పారబోసిన ఇటుక ముక్కలు. ఆ ఇటుక ముక్కల్లో ఏరుకుంటే మా తులసి గద్దెకు సరిపోయాయి. మిగిలింది అందరం కలిసి ఎత్తిపోశాం. నేల చదునయ్యాక మగవాళ్లు సున్నంతో గీతలు గీసి, అడ్డంగా వల కట్టి, బాల్ బ్యాడ్మింటన్ మొదలుపెట్టారు.

ఆ ఆట మా కోడలికి వచ్చు. కాలేజీలో ఆడిందట. పెళ్లి మాటలప్పుడు ఆ సంగతి వాళ్లు చెప్పలేదు, మేము అడగలేదు. కాపురానికి వచ్చినప్పుడు పెట్టెలో చీరల అడుగున ఒక బ్యాటు కనిపించింది. వంటింట్లో పనికొచ్చే వస్తువు కాదు కనుక మళ్లీ అక్కడే పెట్టాను. ఆమెకు ఆబిడ్స్ వైపు ఆఫీసులో ఉద్యోగం. సాయంత్రం కోఠి నుంచి బస్సులో నిలబడి వచ్చి, ముఖం కడుక్కొని, పిల్లకు అన్నం పెట్టేసరికి బయట చీకటి. ఆదివారమైనా ఆడదామంటే, తెల్లవారకముందే మగవాళ్లు కోర్టు పట్టుకునేవాళ్లు. వాళ్లు ఆకలై ఇళ్లకు పోయాక, మిట్టమధ్యాహ్నం ఎండలో ఈమె, నలుగురైదుగురు ఆడపిల్లలు కాసేపు ఆడుకునేవాళ్లు.

ఆడిన రోజు ఆమె రెండు ముద్దలు ఎక్కువ తినేది. ఆడని రోజుల్లో మా వంటింట్లో గిన్నెల చప్పుడు ఎక్కువగా ఉండేది. గిన్నెలు సొట్టలు పడడం నాకు ఇష్టం ఉండదు.

అందుకే లైట్ల మాట వచ్చినప్పుడు సంఘం మీటింగులో ముందు చెయ్యెత్తింది నేనే. కోడలి కోసమని ఎవరికీ చెప్పలేదు. “చీకట్ల పాములు తిరుగుతున్నయి” అన్నాను. పాములు తిరిగే మాట నిజమే. లైట్లు వస్తే రోజూ ఏడు నుంచి ఎనిమిది దాకా కోర్టు ఆడవాళ్లదని సెక్రటరీ గారు అందరి ముందూ చెప్పారు. ఆ రాత్రి కోడలు పెట్టెలో నుంచి బ్యాటు తీసి, గుడ్డతో తుడిచి, తలుపు వెనక మేకుకు తగిలించింది. నేను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను.

లైట్లు తెచ్చారు. రెండు. పళ్లెం అంత ముఖాలు వాటికి. సెక్రటరీ గారు తొందరపడే మనిషి కాదు. ముందు రెండు వెదురు గడలకు కట్టి చూద్దాం, ఒకటి మా ఇంటి వైపు, ఒకటి పటేల్ ఇంటి వైపు, బాగుంటే మర్నాడు అవే చోట్ల ఇనప పైపులు పాతి కాంక్రీటు పోద్దాం అన్నారు. ఆలోచన మంచిదే. కాని పటేల్‌కు ముహూర్తం లేనిదే గడ్డపార నేలకు దిగదు. పంతుల్ని అడిగితే ఆదివారం పొద్దున పదిన్నర దాటాక చాలా బాగుందన్నాడు. అందరికీ సెలవు కూడా. సరే అన్నాం. లైట్లు వేసి చూడడం కూడా ఆ ముహూర్తంలోనే పెట్టుకున్నాం.

ఎండాకాలం, పదిన్నర, నెత్తి మాడుతున్న ఎండ. పటేల్ కొబ్బరికాయ కొట్టాడు. సెక్రటరీ గారు తమ ఇంటి నుంచి లాగిన వైరుకు స్విచ్ వేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

“ఏసిండ్రా సారూ?” అన్నాడు పటేల్. ఆయన తన కొట్టం ముందు నీడలో కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు.

“వేశానండీ. వెలుగుతోంది.”

“మాకైతే ఏం కనపడ్తలేదు. జర గిటు తిప్పున్రి.”

నిచ్చెన ఎక్కిన కుర్రాడు మా వైపు గడకున్న లైటును పటేల్ వైపు తిప్పాడు. ఇంకా పైకెత్తమన్నాడు పటేల్. ఎత్తాడు. “ఆఁ, ఇప్పుడు కనపడ్డది. మంచిగుంది.” అప్పుడు మా గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లం ఊరుకుంటామా. కాయ కొట్టింది ఆయనైతే ఆయనొక్కడికేనా చూపించేది అన్నాం. రెండో లైటును మా ముఖాల వైపు తిప్పారు. సరిగ్గా కంట్లో పడేదాకా తిప్పించుకొని, కనపడింది కనపడింది అని అందరం చప్పట్లు కొట్టాం. కొబ్బరి ముక్కలు, నానబెట్టిన సెనగలు పంచుకొని తిన్నాం. పట్టపగలు అంత పెద్ద లైట్లు వెలుగుతుంటే నా ప్రాణం ఒప్పలేదు. “చూసిన్రు గద, ఇగ ఆపున్రి” అని నేనే ఆపించాను. అక్కడితో ముహూర్తం అయిపోయింది.

సాయంత్రం ఏడింటికి మళ్లీ వేశారు. కోడలు కొంగు దోపుకొని, కాన్వాసు బూట్లు వేసుకొని కోర్టులోకి దిగింది. ఆ రెండు లైట్లూ ఒక్కసారి పడేసరికి ఆడపిల్లలు కళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. బంతి కొట్టబోతే కంట్లో లైటు. కొట్టిన బంతి ఎటు పోయిందో తెలియదు. అయినా నవ్వుకుంటూ నాలుగు బంతులు కొట్టుకున్నారో లేదో, పటేల్ తువ్వాలు విదిలించుకుంటూ కొట్టంలో నుంచి వచ్చాడు. నేను డాబా మీద మంచాలు వేయబోయి, అదే కోపంతో కిందికి దిగాను. ఇక గొడవ మీకు తెలిసిందే.

మొక్కలు పెట్టుకుందాం అనేసి సెక్రటరీ గారు స్విచ్ వైపు నడిచారు.

“సారూ, జర ఆగున్రి” అంది కోడలు. మామూలుగా పెద్దవాళ్ల మధ్య ఆమె నోరు విప్పదు. “లైట్లు పొద్దున తిప్పినట్టే ఉన్నయి.”

“ఎలా తిప్పాం?”

“పటేల్ మామకు కనపడాలని అటొకటి తిప్పిన్రు. అత్తమ్మోళ్లకు కనపడాలని ఇటొకటి తిప్పిన్రు. నేలకు కనపడాలని ఎవ్వరు తిప్పలే.”

సెక్రటరీ గారు కళ్లద్దాలు తీసి లైట్ల వైపు చూశారు. మళ్లీ పెట్టుకొని చూశారు. ముందు నవ్వింది పటేలే.

“అంటే ఏంది సారూ, ఎండల ముహూర్తం పెట్టి లైటు చూసినం. చీకట్ల గదా చూడాల్సింది.”

“నేను చెప్పానండీ పొద్దున, రాత్రి చూద్దామని” అన్నారు సెక్రటరీ గారు.

“చెప్పలే సారూ. మీరు గూడ చప్పట్లు కొట్టిన్రు” అన్నాను నేను. చూసిన మాట చెప్పడానికి మొహమాటం ఎందుకు.

నిచ్చెన మళ్లీ తెచ్చారు. రెండు లైట్లనూ నేల వైపు వంచారు. కొట్టంలో చీకటి పడింది, మా డాబా మీద చీకటి పడింది. ఇక అయిపోయిందనుకున్నాం. కాని కోర్టులో ఆ కొనకొక వెలుగు ముద్ద, ఈ కొనకొక వెలుగు ముద్ద, నడుమ వల దగ్గర ఏమీ లేదు. కోడలు బంతిని పైకి కొట్టింది. అది లైటు దాటి పైకి పోయి మాయమైంది. అందరం తలలెత్తి చూస్తున్నాం. పటేల్ భుజం మీద పడింది.

“ఏందమ్మా, లైటు ఒద్దన్ననని పగ తీర్చుకుంటున్నవా?”

“కనపడలే మామా.”

“నువ్వు కొట్టిన బంతి నీకే కనపడకపోతే ఎట్ల బిడ్డా?”

అది పసుపుపచ్చ ఊలు చుట్టిన బంతి. ఆడినకొద్దీ పోగులు లేస్తాయి. కొత్తది కొందాం అని వాళ్లు అంటే నేను కొననిచ్చేదాన్ని కాదు. లేచిన పోగును సూదితో లోపలికి గుచ్చి, ఊడిన చోట మిగిలిపోయిన ఊలు చుట్టి ఇచ్చేదాన్ని. నేను చేసిన బంతి కొంచెం వంకరగా ఎగురుతుందని కోడలి ఫిర్యాదు. ఎగురుతుంది కదా అనేదాన్ని నేను.

“ఎత్తు చాలట్లేదు” అన్నారు సెక్రటరీ గారు. “మన ఇనప పైపులు ఈ గడలకి రెట్టింపు ఎత్తు. అంత పైనుంచి కిందికి వంచితే కోర్టంతా వెలుగు పడుతుంది, ఇళ్లలోకి పోదు. నేను కాగితం మీద వేసి చూశాను.”

“కాగితం మా బర్రెలకు చూపియ్యాల్నా సారూ? నా కండ్లతోని చూస్తెగాని నేనొప్పుకోను.”

“పైపులు పాతితే కాని ఎత్తు రాదు. మీరు ఒప్పుకుంటే కాని పాతలేను.”

ఇద్దరూ మళ్లీ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. కోడలు నా వైపు చూసింది. గడ మీద గడ కడితే ఎత్తు రాదా అన్నాను. పందిరి వేసేవాళ్లు కడతారు కదా. పటేల్ ఇంట్లో ఇంకో రెండు వెదురు గడలు ఉన్నాయి. తాడు మాత్రం లేదు. మా ఇంట్లో ఉంది. బట్టలు ఆరేసే తాడు, దాని తోడు ఊరి నుంచి తెచ్చిన మగ్గం తాడు. రెండూ తెచ్చి ఇచ్చాను. కోయవద్దని, ముడి వేసుకొమ్మని ముందే చెప్పాను. సెక్రటరీ గారు “లైటు పైన చిన్న రేకు టోపీ ఉంటే వెలుగు పక్కలకి చెదరదు” అంటే, మెట్ల కింద దాచిన నూనె డబ్బా ఒకటి కూడా తెచ్చాను. ఆ డబ్బాలో శనగపప్పు పోయాలని అనుకున్నాను. దాన్ని ఆయన కత్తెరతో కోస్తుంటే నేను అటు తిరిగి నిలబడ్డాను.

గడలు లేపడానికి కాలనీలో మగవాళ్లంతా వచ్చారు. వినాయకుణ్ణి లేపినట్టు లేపారు. లేపాక ఎవరి చోటికి వాళ్లం పోయాం. పటేల్ కొట్టంలో బర్రెల మధ్య బకెట్ బోర్లించుకొని కూర్చున్నాడు. మా ఆయన్ని డాబా మీదికి పంపి, రోజూ ఎలా పడుకుంటాడో అలాగే మంచం మీద పడుకొమ్మన్నాను. కోడలు బంతి పట్టుకొని కోర్టు నడుమ నిలబడింది. సెక్రటరీ గారు గడ కింద, లైటును వంచడానికి కట్టిన దారం పట్టుకొని. నేను పిల్లను ఎత్తుకొని పార్కు మధ్యలో. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయడం నా పని.

“ఎట్లుంది పటేలా?”

“కొమ్ముల మీద ఒస్తుందక్కా.”

లైటు ఇంకొంచెం వంచారు.

“ఇప్పుడు?”

“కొమ్ములు ఇడిసింది. కాళ్ల మీదుంది.”

ఇంకొంచెం వంచారు.

“ఇప్పుడు?”

“గిట్టల కాడికి దిగింది. ఇంకింత. ఆఁ, ఆఁ. బయటనే ఆగింది.”

మా డాబా వైపు తిరిగాను. “ఏమయ్యా, మీదికి ఒస్తుందా?”

“మంచిగుంది, మంచిగుంది” అన్నాడు మా ఆయన. అప్పటికి ఆ వైపు లైటును ఎవరూ ముట్టుకోనే లేదు. ఆయన అంతే. ఉప్పు వేయని కూర పెట్టినా మంచిగుందనే అంటాడు. సెక్రటరీ గారితో వంచమన్నాను. వంచారు. “ఇప్పుడెట్లుంది?” అన్నాను. జవాబు లేదు. గట్టిగా పిలిచాను. జవాబు లేదు. పిల్లను పక్కింటావిడకు ఇచ్చి మెట్లెక్కి చూస్తే నిద్రపోతున్నాడు. ముఖం మీద లైటు లేదు, నీడ ఉంది. కిందికి వచ్చి సెక్రటరీ గారికి చెప్పాను, మా దిక్కు ఇబ్బంది లేదని.

“నిద్రపోయాడా? అంతకంటే సాక్ష్యం ఏం కావాలి చెల్లెమ్మా” అన్నారాయన.

“సాక్ష్యం కాదు సారూ, బస్సులల్ల నిలవడి గూడ పండుకుంటడు ఆయన. నేను నా కండ్లతోని చూసి చెప్తున్న.”

అప్పుడు కోడలు బంతిని కొట్టింది. పైకి పోయింది. రేకు టోపీల ఎత్తు దాకా పోయి, అక్కడ ఒక్క క్షణం ఆగి, పసుపు ముద్దలా మెరుస్తూ కిందికి దిగింది. ఎక్కడా మాయం కాలేదు. నా చేతితో గుచ్చిన పోగులు కూడా కనిపించాయి.

“కనపడ్తుందత్తమ్మా” అంది కోడలు. ఆ గొంతు నేను మా ఇంట్లో అప్పటిదాకా వినలేదు.

అవతలి నుంచి పటేల్ గొంతు సన్నగా వచ్చింది. “పెద్దది పండుకుంది. నెమరేస్తుంది. ఎవ్వరు సప్పుడు చెయ్యకున్రి.”

ఇక చూడండి ఆ ఆట. ఎనిమిది కావడానికి ఇంకా కొంచెం సమయం ఉంది. వలకు అటు ఐదుగురు, ఇటు ఐదుగురు ఆడవాళ్లు. ఎవరికీ నోరెత్తడానికి వీల్లేదు. పాయింట్లు గుసగుసగా చెప్పుకున్నారు. బంతి పోతే కొంగు నోట్లో కుక్కుకొని నవ్వారు. “నీదే, నీదే” అని ఒకతె గొణిగితే ఇద్దరూ ఒకే బంతికి పోయి తలలు కొట్టుకొని, అరవకుండా నేల మీద కూర్చుండిపోయారు. చుట్టూ నిలబడ్డ మగవాళ్లు చప్పట్లు కొట్టబోయి చేతులు ఆపుకున్నారు. పటేల్ కొట్టం తలుపు దగ్గర నిలబడి, కాసేపు లోపలికీ కాసేపు కోర్టుకూ చూశాడు. ఆ తర్వాత లోపలికి చూడడం మానేశాడు. మా కోడలు వల దగ్గర ఎగిరి కొట్టిన ఒక బంతికి ఆయనే “అబ్బ” అని గట్టిగా అన్నాడు. అందరం నోటి మీద వేలు పెట్టి ఆయన్ని చూశాం.

ఎనిమిదికి సెక్రటరీ గారు స్విచ్ ఆపేశారు. ఆడవాళ్లు చెమటలు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు.

“ఏమంటారు పటేల్ గారూ?”

“ఎనిమిది దాటి ఒక్క నిమిషం గూడ ఉండొద్దు.”

“ఉండదు.”

“సప్పుడు చెయ్యొద్దు.”

“మీరే చేశారండీ ఇందాక.”

“ఏమో సారూ, గా బంతి గట్ల కొడ్తదనుకోలే” అని, మా కోడలి వైపు తిరిగి, “పాతుకోన్రి బిడ్డా” అన్నాడు.

గడలు నిలిపిన చోట గుర్తు పెట్టడానికి ముగ్గు కావాలన్నారు. ఇచ్చాను. సెక్రటరీ గారు గుప్పెడు తీయబోతే చిటికెడు చాలన్నాను. నా తాళ్లు రెండూ విప్పించుకొని, చుట్ట చుట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాను. మగ్గం తాడు ముడి మాత్రం బిగుసుకుపోయింది. విప్పడానికి కోడలు నా పక్కన కూర్చుంది. గోళ్లతో విప్పుతూ, ఎవరు ఏ బంతి ఎలా వదిలేశారో అన్నీ చెప్పింది. అన్నం చల్లారిపోయింది. నేను తినమని ఒక్కసారే చెప్పాను.

మర్నాడు పొద్దున మేస్త్రీ వచ్చాడు. ముగ్గు వేసిన చోట్ల గుంతలు తవ్వి, పైపులు నిలబెట్టి, చుట్టూ రాళ్లు కూరి కాంక్రీటు పోయడం మొదలుపెట్టాడు. పటేల్ పాల క్యాన్ పక్కన పెట్టి పైపు పట్టుకున్నాడు. సెక్రటరీ గారు పైపు నిటారుగా ఉందో లేదో చూసే తూకం దారం పట్టుకున్నారు. కోడలు టిఫిన్ డబ్బా, సంచీ భుజానికి వేసుకొని బస్సుకు పోతూ ఆగింది. ఒక కన్ను మూసి పైపును కింది నుంచి పైదాకా చూసింది.

“మేస్త్రీ, పైన జర మా ఇంటి దిక్కు ఒంగింది” అంది.

మేస్త్రీ పైపును కొంచెం అవతలికి జరిపాడు. ఆమె మళ్లీ చూసి, సరే అని తల ఊపి, బస్సు వచ్చే వేళయిందని పరుగెత్తింది.